రఫ్ వర్క్ కోసం వదిలిన చోటు

మిక్సీ వారంటీ కార్డులు, ప్రెషర్ కుక్కర్ జాగ్రత్తలు, పిల్లల దగ్గు మందు పెట్టెలో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితం. ఇలాంటివన్నీ తెలుగులోకి మార్చి ఇవ్వడం నా పని. చిక్కడపల్లిలో మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఒక కన్ను వంటింట్లో పోపు మీద ఉంచి, ఈ పని చేస్తుంటాను. పెద్ద రచయిత్రిని కాదు గానీ, నేను రాసింది చదివి ఇంతవరకు ఎవరూ కుక్కర్ పేల్చుకోలేదు. ఆ ధీమాతోనే, నారాయణగూడలోని ఆడవాళ్ళ క్లినిక్ డాక్టరమ్మ కొన్ని ఇంగ్లీషు కాగితాలు నా చేతిలో పెట్టి మామూలు పనేనండీ అంటే, సరేనని సంచిలో వేసుకొచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే అవన్నీ ప్రశ్నలు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళు చదువుకుని, పేరు రాయకుండా జవాబులు గుర్తు పెట్టి, మడిచి ఒక పెట్టెలో వెయ్యాల్సిన ప్రశ్నలు. గడిచిన నాలుగు వారాల్లో కోరిక ఎంత తరచుగా కలిగింది, భర్తతో కలిసినప్పుడు ఒళ్ళు సహకరించిందా, తృప్తిగా అనిపించిందా, నొప్పి ఉందా, ఉంటే ఎంత. ఒక్కో ప్రశ్న కింద ప్రతిసారీ, చాలాసార్లు, కొన్నిసార్లు, అరుదుగా, అసలు లేదు అని వరసగా జవాబులు. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఇంట్లో ఎవరూ లేకపోయినా లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టుకొచ్చాను.

ఇదంతా కాగితం మీద అడగడం ఎందుకని మర్నాడు డాక్టరమ్మను అడిగాను. ఆవిడ నాకంటే బాగా చిన్నది, మనిషి చురుకు. తన దగ్గరికొచ్చే ఆడవాళ్ళు నడుం నొప్పి, నీరసం, మోకాళ్ళు, అన్నీ చెప్పుకుంటారట. అసలు సంగతి మాత్రం లేచి తలుపు దాకా వెళ్ళాక గుర్తొస్తుందట. "తలుపు పిడి మీద చెయ్యేసి, వెనక్కి తిరిగి, అన్నట్టు మేడం అంటారండీ. అప్పటికి తర్వాతి పేషెంటు వచ్చి కుర్చీలో కూర్చునుంటుంది. ఇంక ఏం లేదులే మేడం అని వెళ్ళిపోతారు" అంది. పేరు లేని కాగితాల మీదైనా గుర్తు పెడితే ఏ బాధ ఎంతమందికుందో తెలుస్తుందని, ఇకపై వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే తనే ఆ మాట ఎత్తొచ్చని ఆవిడ ఆలోచన. మంచి ఆలోచనే అన్నాను. అన్నానే గానీ, తలుపు దాకా కూడా వెళ్ళని పేషెంటు ఒకతె తన ఎదురుగానే కూర్చుని ఉందని ఆవిడకు చెప్పలేదు.

ఎందుకంటే నాకూ ఉంది ఆ బాధ. ముట్లు ఆగిపోయిన తర్వాత మొదలైంది. ఒళ్ళు ఎండిపోయినట్టయి, ఆయన దగ్గరికొస్తే నొప్పి. మొదట్లో పళ్ళు బిగపట్టుకున్నాను. తర్వాత తప్పించుకోవడం మొదలుపెట్టాను. తలనొప్పి అన్నాను, సీరియల్ అయిపోలేదన్నాను, చివరికి ఏకాదశి ఉపవాసాలు పట్టాను. ఏకాదశికి ముందు రోజు నియమం, ఏకాదశి నాడు నియమం, పారణ అయ్యేదాకా నియమం. ఇన్ని ఏకాదశులు ఉంటాయని మా ఆయనకు అప్పుడే తెలిసింది.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అశోక్‌నగర్ గల్లీలో ఆయనకు చిన్న డీటీపీ షాపుంది. చుట్టూ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ మిషన్లు, గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఆయన జీవితమంతా మోడల్ పేపర్లు కంపోజ్ చేయడంలోనే గడిచింది. సరసం తెలిసిన మనిషి. కూరగాయల సంచి అందుకునేటప్పుడు కూడా చెయ్యి తగలకుండా అందుకునేవారు కాదు. అలాంటి మనిషి ఈ ఉపవాసాల తర్వాత నెమ్మదిగా మారిపోయారు. విసుక్కుంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆయన విసుక్కోలేదు, మర్యాదస్తుడైపోయారు. మంచం అంచున ఇంటికొచ్చిన చుట్టంలా పడుకునేవారు. మంచినీళ్ళిస్తే థాంక్స్ అన్నారు ఒకరోజు. మా అమ్మాయి పెళ్ళయి అంబర్‌పేట్ వెళ్ళాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆ ఇద్దరం ఇలా థాంక్స్ చెప్పుకుంటూ ముసలివాళ్ళమైపోతామేమోనని నా భయం. నొప్పి అని చెప్తే ఇక నన్ను ముట్టుకోవడానికే భయపడతారని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్య నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

సరే, అనువాదం మొదలుపెట్టాను. నొప్పి ప్రశ్నల దగ్గర ఇంగ్లీషులో పొడిపొడిగా, నొప్పి వల్ల దూరంగా ఉన్నారా అని మాత్రమే ఉంది. మన ఆడవాళ్ళకు అలా అంటే ఏం తెలుస్తుందని, 'నొప్పి భయంతో తలనొప్పి, ఉపవాసం లాంటి సాకులు చెప్పి తప్పించుకున్నారా?' అని రాశాను. రాసేటప్పుడు ఎంతో సహజంగా ఉందనిపించింది. ఆ ఉదాహరణలు నాకెక్కడి నుంచి వచ్చాయో ఆలోచించే తీరిక అప్పుడు లేదు, పప్పు అడుగంటుతోంది.

రాసింది రకరకాల వయసుల వాళ్ళకు చదివి వినిపించమని, అర్థం కాని మాట ఉంటే మార్చమని డాక్టరమ్మ చెప్పింది. మా పై అంతస్తులో ఒక పెద్దమ్మ ఉంటుంది. నాకు చుట్టం కాదు, పిలుపు అలా అలవాటైంది. ఆవిడ భర్త కాచిగూడ స్టేషన్‌లో చేసి రిటైరయ్యారు. పెద్దమ్మకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, చదవొద్దన్నారు. చెవి మిషనుంది గానీ బ్యాటరీ దండగని డబ్బాలో దాచుకుంటుంది. ఇవేవీ ఆలోచించకుండా నేను కాగితాలు పట్టుకుని డాబా మీదికి వెళ్ళాను. ఎండాకాలం పొద్దుటి పూట. పెద్దమ్మ సగ్గుబియ్యం వడియాలు పెట్టి, పావురాలు రాకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది.

మొదటి ప్రశ్న గుసగుసగా చదివాను. ఏందీ అంది. కొంచెం గొంతు పెంచాను. జర గట్టిగ చెప్పు బిడ్డా అంది. ఇక లాభం లేదని, "గడిచిన నాలుగు వారాల్లో మీకు కోరిక ఎంత తరచుగా కలిగింది?" అని అరిచాను. పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పక్క డాబా మీద తడి చీర దులుపుతున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. ఎదురు డాబా మీద మిరపకాయలు తిరగేస్తున్న ఆవిడ తల ఎత్తింది. నాకు అక్కడికక్కడ డాబా దిగి పారిపోవాలనిపించింది. పెద్దమ్మ మాత్రం తొణకలేదు. ప్రశ్నను బాగా నమిలి, నాలుగు వారాలన్నవా, గిదే నెలనా అని తేల్చుకుని, చాలాసార్లు అని పెట్టమంది.

నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, కర్ర పక్కన పెట్టి నన్ను నిలదీసింది. "ఏంది గట్ల జూస్తున్నవ్? ముసల్దాన్నయితే ఏంది, మనిషిని గాదా?"

పక్క డాబా ఆవిడ చీర తీగ మీద వేసేసి పిట్టగోడ దగ్గరికొచ్చింది. తర్వాతిది ఏమడుగుతారో చెప్పమంది. నేను చదివాను. రెండు డాబాల నుంచీ జవాబులొచ్చాయి. ఎదురు డాబా ఆవిడకు సరిగా వినపడక, జర మళ్ళా చదువు అక్కా అని కేకేసింది. ఎవరికీ చూపించకుండా ఒంటరిగా గుర్తు పెట్టుకోవాల్సిన కాగితం మా చిక్కడపల్లిలో మూడు డాబాల సభ అయిపోయింది. తృప్తి ప్రశ్నకు పెద్దమ్మ సిగ్గుపడకుండా వివరమే చెప్పింది. వాళ్ళాయన ఇప్పటికీ పొద్దున్నే చాయ్ పెట్టి లేపుతారట, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయట. ఇంకో ప్రశ్నలో నేను రాసిన 'లైంగిక వాంఛ' అనే మాట వినిపిస్తే, గదేదో మందు పేరులాగున్నది తీసెయ్ అంది. తీసేశాను. అంతగా నవ్వి చాలా రోజులైంది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ చదివాను.

నొప్పి దగ్గరికొచ్చేసరికి నా గొంతు తగ్గింది. పెద్దమ్మకు వినపడలేదు, మళ్ళీ చదివించింది. తనకు కాన్పుల తర్వాత కొన్నాళ్ళు ఉండేదని, ఇప్పుడు అలాంటిదేం లేదని చెప్పి, నా వైపు తిరిగి అంతే పెద్ద గొంతుతో అడిగింది. "నీకున్నదా బిడ్డా?"

మూడు డాబాలు నా జవాబు కోసం చూస్తున్నాయి. లేదు పెద్దమ్మా అన్నాను. గట్టిగానే అన్నాను, ఆవిడకు వినపడాలి కదా. పెద్దమ్మ నన్ను కాసేపు చూసి, కర్ర అందుకుని పావురాల పనిలో పడింది. ఇంతసేపు నవ్విన నేను మెట్లు దిగుతూ ఏడుపు మొహం పెట్టుకున్నాను.

ప్రశ్నలు సరిదిద్ది కంపోజింగ్‌కి మా ఆయన షాపులో ఇచ్చాను. వేరే షాపుకు తీసుకెళ్ళి ఇంకో మగవాడి చేతిలో పెట్టడం కంటే ఇదే నయమనిపించింది. చదవకుండా కంపోజ్ చేయమని చెప్పాను. చదవకుండా కంపోజ్ ఎట్ల జేస్తరు అని ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను విననట్టు సంచి సర్దుకుని బర్కత్‌పురలో మా అక్క ఇంటికి వెళ్ళిపోయాను. సాయంత్రానికి కట్టలు కట్టి, కవరులో పెట్టి, టేపు వేసి ఇచ్చారు. విప్పి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. మా ఆయన పని మీద నమ్మకం కూడా ఉంది.

ఆ ఆదివారం అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ స్టడీ హాల్‌కి తీసుకెళ్ళాను. కింద టిఫిన్ సెంటరు, పైన హాలు. అక్కడ చదువుకునే వాళ్ళలో పెళ్ళయిన వాళ్ళు చాలామంది. పిల్లల్ని తల్లి దగ్గరో అత్త దగ్గరో వదిలి, హాస్టల్లో ఉండి, గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్న వాళ్ళు. ఇష్టమైన వాళ్ళే ఉండండి, పేరు రాయనక్కర్లేదు, ఎవరిది ఏ కాగితమో మాకు కూడా తెలియదు అని డాక్టరమ్మ చెప్పమన్నవన్నీ చెప్పాను. అందరూ తలలూపారు. హాలు చివర ఒక అట్టపెట్టె పెట్టి, కట్ట విప్పి కాగితాలు పంచాను. అప్పుడు చూశాను.

పైన హాల్ టికెట్ నంబరుకు గళ్ళు. దాని పక్కన ఇన్విజిలేటర్ సంతకం. దాని కింద 'అన్ని ప్రశ్నలకు సమాన మార్కులు'. ప్రతి జవాబు ముందు పెన్నుతో నింపాల్సిన గుండ్రటి సున్నా. ఆఖరి పేజీలో సగం ఖాళీ వదిలి, పైన 'రఫ్ వర్క్ కోసం' అని అచ్చు. మా ఆయన షాపులో ప్రశ్న కింద వరసగా జవాబులున్న ఏ కాగితమైనా ఆ మూసలోకే వెళ్ళి పడుతుంది. ఆయన చెయ్యి అలవాటు అది.

నేను నోరు తెరిచేలోపే హాలు మారిపోయింది. పక్కపక్కన కూర్చున్న వాళ్ళు లేచి, మధ్యలో ఒక్కో కుర్చీ వదిలి కూర్చున్నారు. అందరి చేతుల్లోకి నల్ల బాల్‌పెన్నులు వచ్చాయి. ముందు వరసలో మహబూబ్‌నగర్ నుంచి వచ్చి చదువుకుంటున్న చెల్లెలు ఒకామె చెయ్యెత్తి, "నెగెటివ్ మార్కింగ్ ఉన్నదా అక్కా?" అని అడిగింది. ఇది పరీక్ష కాదమ్మా అన్నాను. నమ్మినట్టు తల ఊపి, కాగితం మీదికి వంగింది. మీరు చెప్పాల్సింది చెప్పారులే అన్నట్టుంది ఆ ఊపు. ఇంకొకామె ఒక ప్రశ్నకు రెండు ఆప్షన్లు కరెక్ట్ ఉన్నయని ఫిర్యాదు చేసింది. అయిపోయాక కాగితాలు పెట్టెలో వేసి, మెట్ల మీద గుంపుగా నిలబడి జవాబులు సరిచూసుకున్నారు. నొప్పికి అసలు లేదే గదా, ఆ, అదే, నేనూ అదే పెట్టిన. చివరికి ఆన్సర్ కీ ఎప్పుడిస్తరని నన్నే అడిగారు.

మర్నాడు క్లినిక్‌లో డాక్టరమ్మ ఒక్కో కాగితం తిప్పుతూ పోయింది. కోరిక అందరికీ ప్రతిసారీ. తృప్తి అందరికీ ప్రతిసారీ. నొప్పి ఎవరికీ అసలు లేదు. "అందరికీ ఫుల్ మార్కులేనండీ. నేనింక క్లినిక్ మూసేసుకోవచ్చు" అని కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి మా ఆయనకు చెయ్యాల్సిన సన్మానం గురించి ఆలోచిస్తూ, కాగితాలు సర్దబోయాను. ఒకటి జారి బోర్లా పడింది. ఆఖరి పేజీ.

రఫ్ వర్క్ కోసం వదిలిన చోట పెన్సిల్‌తో రాసి ఉంది. ఇంకోటి తిప్పాను. దాని మీదా ఉంది. అన్నిటి మీదా కాదు గానీ చాలావాటి మీద ఉంది. రఫ్ వర్క్ ఎవరూ దిద్దరని, దానికి మార్కులుండవని ఆ పిల్లలకు తెలుసు. అందుకే అక్కడ నిజం రాశారు. 'ఆయన ఊళ్ళ, నేనిక్కడ. నాలుగు వారాలంటే ఏం జెప్పాలె?' అని ఒకరు. 'బాబు పుట్టినప్పటి సంది మంట. చెప్తే నాటకాలంటడు' అని ఒకరు. 'నాకు ఇష్టమే. ఇష్టమని నేనే ముందు చెప్తే ఏమనుకుంటడోనని ఆగుత' అని ఇంకొకరు, దాని పక్కనే చిన్న పువ్వు బొమ్మ. డాక్టరమ్మ నవ్వు ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, అన్నీ రెండోసారి చదివింది. పై సున్నాలు ఎలా ఉన్నా ఈ కింద జాగా మాత్రం తీసెయ్యొద్దని, మీ ఆయనకు చెప్పండని అంది.

చెప్పడానికే వెళ్ళాను, కోపంగానే వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ, షాపు షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళి, హాల్ టికెట్ గళ్ళున్న కాగితం ఆయన కీబోర్డు మీద పెట్టి, ఏం జేసిన్రు ఇది అని అడిగాను. ఆయన చూసి నాలుక కరుచుకున్నారు. కాపురంలో ఇన్విజిలేటర్ ఎవరని నేను అడిగితే నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నారు. నాకూ నవ్వొచ్చింది గానీ కోపం మీదున్నాను కాబట్టి మింగేశాను. ఒక్కో తప్పూ చూపించి దిద్దించాను. అన్నీ దిద్దాక ఆయన లేవలేదు. గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న కీబోర్డు తుడవడం మొదలుపెట్టారు.

"ఒకటి అడుగుత, కోపం జేసుకోకు" అన్నారు. "మిగిలిన ప్రశ్నలన్ని పుస్తకం తీరున్నయ్. సాకుల ప్రశ్న ఒక్కటే నువ్వు మాట్లాడినట్టున్నది. దాంట్ల ఉపవాసం అని ఎందుకు రాసినవ్?"

నేను దిద్దించిన కాగితాల అంచులు సమంగా సర్దడం మొదలుపెట్టాను.

"మన ఏకాదశులన్ని గందుకేనా?"

పెద్దమ్మ అంత గట్టిగా అడిగితే లేదన్నదాన్ని, ఈయన ఇంత మెల్లగా అడిగితే అబద్ధం రాలేదు. "ఆ. గందుకే. బాగ నొప్పి లేస్తున్నది" అన్నాను. అనేసి, ఇంక ఆగలేక, ఎప్పటి నుంచి, ఎలా, ఎందుకు చెప్పలేదు, అన్నీ చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నొప్పి పెట్టినప్పుడల్లా తనెందుకు గమనించలేదా అని ఆయన బాధ ఆయనది. తర్వాత ఒక మాట అన్నారు. "నేనింక నీకు నచ్చుతలేనేమో అనుకున్న. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, గందుకే దేవుని దిక్కు తిరిగినవనుకున్న."

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఇన్నాళ్ళు నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను, ఆయనేమో దేవుడికి నన్ను వదిలేసుకుని కూర్చున్నారు. మీ పొట్టంటే నాకిష్టమని ప్రింటర్ల మధ్య నిలబడి చెప్పాను. ఆయన షట్టర్ పూర్తిగా దించేసి, బండి తీసి, నన్ను నారాయణగూడలో బేకరీకి తీసుకెళ్ళారు. ఆ రోజు నిజంగానే ఏకాదశి. ఇద్దరం నిలబడి ఎగ్ పఫ్‌లు తిన్నాం. అంత రుచిగా ఇంకెప్పుడూ తినలేదు.

మర్నాడు క్లినిక్‌కి అనువాదం కాగితాలు లేకుండా వెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే చెప్పేశాను, తలుపు పిడికి ఆ అవకాశం ఇవ్వలేదు. డాక్టరమ్మ నుదురు కొట్టుకుని, ఈ ప్రశ్నలన్నీ మీ చేతే రాయించానే అంది. పరీక్ష చేసి, ముట్లు ఆగాక చాలామందికి ఇలా ఉంటుందని, ఓర్చుకోవాల్సిన పని లేదని చెప్పింది. పూసుకోవడానికి మందు రాసింది, కలిసే ముందు వాడుకోవడానికి జెల్ రాసింది, తొందరపడొద్దని చెప్పి, ఆ చివరి మాట మీ ఆయనకు కూడా అంది. ఇంత మాత్రమేనా అని అడిగాను. ఇంత మాత్రమేనండీ అంది. ఇన్ని ఉపవాసాలు దండగ చేసుకున్నానని నాకు నిజంగా ఒళ్ళు మండింది.

ఆ వారమే డాబా ఎక్కాను. పెద్దమ్మ చెవి మిషను యథాప్రకారం డబ్బాలోనే ఉంది. "ఉన్నదే పెద్దమ్మా నొప్పి. మందు తెచ్చుకున్న" అని అరిచాను. పెద్దమ్మ వడియం ఒకటి విరిచి ఎండిందో లేదో చూసుకుని, నాకు ఆనాడే తెలుసు అంది. పక్క డాబా ఆవిడ పిట్టగోడ దగ్గరికొచ్చి, క్లినిక్ ఎక్కడో జర చెప్పమని అడిగింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి ఎటు తిరగాలో గట్టిగా చెప్పాను, ఎదురు డాబాకి కూడా వినపడాలి కదా.

ప్రశ్నలు మళ్ళీ అచ్చయ్యాయి. ఈసారి పైన 'ఇది పరీక్ష కాదు, సరైన జవాబు అంటూ ఏదీ లేదు' అని పెద్దక్షరాల్లో ఉంది. గళ్ళు లేవు, మార్కులు లేవు, ఇన్విజిలేటర్ వెళ్ళిపోయాడు. రఫ్ వర్క్ చోటు మాత్రం అలాగే ఉంది. స్టడీ హాల్‌లో ఆ పిల్లలు కుర్చీలు దగ్గరికి జరుపుకుని రాశారు, నెగెటివ్ మార్కింగ్ గురించి అడిగిన చెల్లెలు ఈసారి రాస్తూ తనలో తను నవ్వుకుంది. జవాబులు కాగితం నిండా చెల్లాచెదురుగా వచ్చాయి. వాటిని చూసి డాక్టరమ్మ ముచ్చటపడిపోయింది. వాళ్ళలో కొందరు తర్వాత మెట్లెక్కి క్లినిక్‌కి కూడా వచ్చారని చెప్పింది. ఎవరని నేను అడగలేదు.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ నన్ను మళ్ళీ చూపించుకోవడానికి రమ్మని, ముందు మీ ప్రశ్నలకు మీరే జవాబులు రాయండని నా కాగితమే నా చేతిలో పెట్టింది. ఒక మూల కుర్చీలో కూర్చుని రాశాను. కోరిక దగ్గర చాలాసార్లు. తృప్తి దగ్గర చాలాసార్లు. సాకుల ప్రశ్న దగ్గర అసలు లేదు అని పెట్టి, ఆ సున్నాను పెన్నుతో బాగా నింపాను. నొప్పి దగ్గర కాసేపు ఆగాను. పూర్తిగా పోలేదు మరి, ఉన్నదున్నట్టు కొన్నిసార్లు అని పెట్టాను. చదువుకునే రోజుల్లో ఒక్క మార్కు పోతే అన్నం మానేసిన దాన్ని, ఆ జవాబు చూసుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. రఫ్ వర్క్ చోట ఏమీ రాయలేదు. అక్కడ రాయాల్సిందంతా షాపులో ఆయనకు చెప్పేశాను.

బయటికొస్తే మా ఆయన బండి మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు. అశోక్‌నగర్‌లో ఏ పిల్ల పరీక్ష హాల్లోంచి బయటికొచ్చినా అడిగే మాటే అడిగారు, ఎట్ల రాసినవ్ అని.

"ఫుల్ మార్కులు రావు. ఒక్కదాంట్ల కొన్ని పోయినయ్" అన్నాను.

ఆయన హెల్మెట్ నా చేతికిచ్చి, బండి స్టార్ట్ చేశారు. "పోతే పోనియ్ తీ. మళ్ళ అటెంప్ట్ చేద్దాం."

క్లినిక్ మెట్ల మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నా చూసుకోకుండా పెద్దగా నవ్వాను. బండెక్కి, ఆయన పొట్ట చుట్టూ చెయ్యేసి పట్టుకున్నాను. చిక్కడపల్లి వచ్చేదాకా తియ్యలేదు.